ఎపీలో ముందు కదలాల్సింది చెయ్యి

ఫెన్సింగ్ (కత్తిసాము)లో ఎపీ అనే కత్తితో ఆడే పోటీ గురించి వచ్చిన ఒక వ్యాసంలో పాదాల కదలిక బాగా చెప్పారు గానీ, చెయ్యి ఎప్పుడు చాచాలో వదిలేశారు. ఎపీలో ఒళ్లంతా లక్ష్యమే, పైగా ముందు దాడికి దిగినవాళ్లకే పాయింటు ఇచ్చే ‘దాడి హక్కు’ నియమం లేదు. సెకనులో 25వ వంతు తేడాలోపు ఇద్దరూ తగిలిస్తే ఇద్దరికీ పాయింటే. కాబట్టి అడుగు ముందుపడి చెయ్యి వెనకుంటే ఎదుటివాళ్లు మణికట్టు మీదే పొడిచేస్తారు. ముందు కత్తి మొన, వెంట చెయ్యి, ఆ తర్వాతే కాలు. మోచెయ్యి పక్కకి జరిగితే గార్డు (పిడి ముందు చేతిని కాచే గిన్నెలాంటి భాగం) దాన్ని కాయలేదు. గార్డు అడ్డుకొలత గరిష్ఠంగా 13.5 సెంటీమీటర్లే మరి.

మొన మీద 750 గ్రాములకు మించి ఒత్తిడి పడితేనే తగిలినట్టు చూపే దీపం వెలుగుతుందని కొందరు బలంగా గుద్దుతారు. అనవసరం. ఏటవాలుగా తగిలితే జారిపోతుంది, నేరుగా తగిలితే చాలు. పిడిని బొటనవేలు, చూపుడువేలే నడిపించాలి. పిడికిలి బిగిస్తే భుజమూ బిగుసుకుని గురి తప్పుతుంది.