"దొరికిందిలే" అన్నారు, అంతే

ఈ మధ్య ఫేస్‌బుక్‌లో ఎవరి వాల్ చూసినా "నాలోని చిన్నారికి ఓ ఉత్తరం", అంటే చిన్నప్పటి తమకి తామే రాసుకునేది. ముత్యాల్లాంటి చేతిరాత, పక్కన ఒక పువ్వు, మంచి వెలుతురులో ఫోటో. చదివితే "నీ ప్రతి కన్నీటి బొట్టూ విలువైనదే, నీలో ఒక యోధురాలు ఉంది" అని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇందులో ఒక్క ముక్కైనా ఎక్కుతుందా? ఉత్తరం ఆ పిల్లకేనా, లైకులు కొట్టేవాళ్ళకా?

వెక్కిరించడానికి రాయట్లేదు. నేనూ సరిగ్గా అలాంటిదే రాశాను, మూడు పేజీలు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లో నాన్న వాచీ కనబడకుండా పోయింది. ముందు రోజు నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని టిక్ టిక్ వింటుంటే చూశారు కాబట్టి, తీసింది నేనేనని తేలిపోయింది. తీయలేదంటే అబద్ధమన్నారు. ఏడిస్తే నాటకమన్నారు. ఒప్పుకుంటే వదిలేస్తారనుకుని "తీశాను, ఎక్కడో పడేశాను" అన్నాను. అప్పుడూ వదల్లేదు, ఎక్కడ పడేశావో చూపించమన్నారు. లేని చోటు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను? కొన్నాళ్ళకి వాచీ ఆయన చొక్కా జేబులోనే దొరికింది. "దొరికిందిలే" అన్నారు, వంటింటి వైపు తిరిగి. నా వైపు కాదు.

దెబ్బలు ఎన్ని పడ్డాయో గుర్తులేదు. ఆ "లే" మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

దాని ఫలితం ఏంటంటే, ఆఫీసులో ఎవరైనా మామూలుగా "ఆ ఫైల్ చూశారా?" అంటే నా చెవులు వేడెక్కిపోతాయి. చూడలేదని చెప్పి ఊరుకోను. పొద్దున ఎన్నింటికి వచ్చాను, ఎవరి టేబుల్ దగ్గరికి వెళ్ళాను, అప్పుడు అక్కడ ఎవరున్నారు, మొత్తం వాంగ్మూలం ఇచ్చేస్తాను. అడిగిన పాపానికి వాళ్ళు బిత్తరపోతారు.

"మమ్మల్నీ కొట్టే పెంచారు, బానే ఉన్నాంగా" అనే వాళ్ళకి ఒక్క మాట. నేనూ బానే ఉన్నాను. ఉద్యోగం చేస్తున్నాను, నవ్వుతాను, నిద్రపోతాను. ఒక ఫైల్ గురించి అడిగితే మాత్రం ఎనిమిదేళ్ళ దాన్నైపోతాను. మీరు దేనికి అయిపోతారో మీ ఇంట్లోవాళ్ళని అడగండి, చెప్తారు.

సరే, మొదటి ఉత్తరం. రాసిన రోజు చాలా తేలిగ్గా అనిపించింది. మర్నాడు తీసి చదివితే ఒళ్ళు మండింది. "ధైర్యంగా ఉండాలి. వాళ్ళ పరిస్థితి కూడా అర్థం చేసుకోవాలి. క్షమించడం నేర్చుకో. అన్నీ మన మంచికే." ఇది ఓదార్పా? ఇదంతా ఆ పిల్ల అప్పటికే ఇంటిల్లిపాది దగ్గరా విన్నదే. ఇన్నేళ్ళకి ఆమె కోసం ఒక మనిషి వస్తే, ఆ మనిషీ క్లాసే పీకింది. ఎరిక్ బెర్న్ అనే మానసిక వైద్యుడు 1950ల చివర్లో ఒక లెక్క చెప్పాడు: ప్రతి మనిషిలోనూ ఒక తల్లిదండ్రి, ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల ఉంటారని, మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు ముందుకొస్తారని. నా మూడు పేజీలూ రాసింది ఎవరో చూస్తే తెలిసిపోతోంది. పెన్ను నాది, గొంతు నాన్నది.

రెండోది రాయడానికి నెల పట్టింది. పిలుపు దగ్గరే ఆగిపోయాను. "ప్రియమైన చిన్నారీ" అని నన్నెవరూ ఏనాడూ పిలవలేదు. ఇంట్లో నేను బుజ్జిని. "బుజ్జీ" అని రాశాక చాలాసేపు పెన్ను కదల్లేదు. తర్వాత రాసింది ఇంతే:

"బుజ్జీ, వాచీ నువ్వు తియ్యలేదు. నాకు తెలుసు. తీశానని చెప్పావు కదా, అది భయమేసి చెప్పావు. అది తప్పు కాదు. దొరికినప్పుడు నీ దగ్గరికి వచ్చి చెప్పాల్సింది. ఎవరూ రాలేదు. ఇప్పుడు నేను వచ్చాను."

క్షమించమని రాయలేదు. క్షమిస్తే గాని గాయం మానదని అందరూ తేలిగ్గా అనేస్తారు గానీ, ఆ పని ఎనిమిదేళ్ళ పిల్ల నెత్తిన పెట్టడమేంటి? క్షమించాలో వద్దో ఇప్పటి నేను చూసుకుంటాను, నాకు తీరికైనప్పుడు.

ఇది రాశాక హాయిగా నిద్రపట్టిందనుకునేరు. రెండు రోజులు మనిషిని మనిషిలా లేను. తర్వాత తెలిసింది, అది మామూలేనట. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు బాధాకరమైన అనుభవాల గురించి రాయించారు. ఉత్తరాలు కాదు, ఊరికే రాత. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, జరిగిన సంగతినీ అప్పుడు తమకేమనిపించిందో దాన్నీ కలిపి రాసినవాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఒట్టి సంగతి మాత్రమే రాసినవాళ్ళకి ఆ లాభం కనబడలేదు. రాస్తూ రాస్తూ తట్టుకోలేననిపిస్తే ఆపేయమని కూడా పెన్నెబేకర్ చెప్తాడు. మరీ పెద్ద గాయాలున్నవాళ్ళు కౌన్సెలర్ తోడు లేకుండా ఒంటరిగా కూర్చోకండి, దయచేసి.

ఎడమ చేత్తో జవాబు రాయమంటారు కొందరు. పిల్ల మాట్లాడుతుందట. నవ్వుకుంటూనే ప్రయత్నించాను. పలక మీద రాసినట్టు వంకర టింకరగా ఒకే లైను వచ్చింది: "మరి ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?" ఎడమ చేతిలో మహిమేదో ఉందని నేను నమ్మను. అంత నెమ్మదిగా రాసేటప్పుడు గొప్ప మాటలు రాయడానికి ఓపిక ఉండదు, అంతే. ఆ ప్రశ్నకి జవాబు ఇంకా రాయలేదు.

ఇంకో సంగతి. అమ్మని అడిగితే "జేబులో కాదే, బీరువా మీద దొరికింది" అంది. ఎవరిది నిజమో తేలదు. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్‌రెల్ అనే మనస్తత్వ పరిశోధకులు 24 మందికి "నువ్వు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు" అని జరగని కథని జరిగినట్టు చెప్తే, సుమారు నాలుగో వంతు మంది ఎంతో కొంత గుర్తొస్తోందన్నారు. అందుకే లేని జ్ఞాపకాల కోసం తవ్వకండి. ఉన్నవి చాలు. జేబో బీరువానో నాకు అక్కర్లేదు. నాతో ఎవరూ చెప్పలేదన్నది అమ్మ కూడా కాదనలేదు.

పోయిన వారం నాన్న గుమ్మంలో నిలబడి "నా కళ్ళజోడు చూశావా?" అన్నారు. చెవులు వేడెక్కాయి, అలవాటే కదా. "చూడలేదు నాన్నా" అన్నాను. పొద్దున్నుంచీ ఏ గదిలో ఉన్నానో చెప్పలేదు. చేస్తున్న పని పూర్తయ్యాక లేచి నేనూ వెతికాను.