ఏడున్నర నెలల యువరాజుకు అన్యాయం

స్వీడన్ రాజు పదహారో కార్ల్ గుస్తాఫ్ గారి కడుపుకోత ఎవరికీ పట్టలేదు. చివరికి 2023 జనవరిలో ఒక టీవీ డాక్యుమెంటరీలో ఆయనే నోరు విప్పాల్సి వచ్చింది. సింహాసనపు వారసత్వ చట్టాన్ని అప్పటికే పుట్టినవాళ్లకు కూడా వర్తించేలా చెయ్యడం తెలివైన పని కాదట. పుట్టిన కొడుకు దగ్గర్నుంచి అంతా లాగేసుకున్నారట.

ఆ కొడుకు కార్ల్ ఫిలిప్ పుట్టింది 1979 మే 13న. ఆడైనా మగైనా మొదట పుట్టినవాళ్లదే సింహాసనమనే చట్టం 1980 జనవరి 1న అమల్లోకొచ్చింది. దాంతో 1977లో పుట్టిన అక్క విక్టోరియా వారసురాలైంది. ఉగ్గుగిన్నె వదలకముందే తమ్ముడి పదవి ఊడింది.

అంత పోగొట్టుకున్న వైభవం ఏమిటో కూడా చూద్దాం. 1975 నుంచి అక్కడి రాజు చట్టాల మీద సంతకం పెట్టడు. ప్రధాని పేరును స్పీకర్ ప్రతిపాదిస్తారు, పార్లమెంటు ఓటేస్తుంది. రాజుకు మిగిలినవాటిలో ఘనమైనది సెప్టెంబరులో సభను ప్రారంభించడం. అదైనా తనంతట తాను చేస్తే కుదరదు, స్పీకర్ కోరాలి. కోరతారు. రాజుగారు ప్రసంగించి, సభ ప్రారంభమైందని ప్రకటిస్తారు. మరి ఆ పూట జలుబు చేసి రాలేకపోతే? దేశం స్తంభిస్తుందా? లేదు, స్పీకరే ప్రారంభించేస్తారు. అప్పుడు తనను తానే కోరుకుంటారేమో!

ఈ ఉద్యోగం కోసమా అంత ఏడుపు? స్వీడన్‌లో రాజ్యాంగ స్థాయి చట్టం మార్చాలంటే పార్లమెంటు ఒకే బిల్లును రెండుసార్లు ఆమోదించాలి, మధ్యలో సాధారణ ఎన్నికలు జరగాలి. పిల్లాడు పుట్టేనాటికే ఆ మార్పు పని నడుస్తోంది. తెలిసీ ఈ వేషమెందుకు? ఆడపిల్లను వరుసలోనే నిలబెట్టని 1810 నాటి చట్టం మాత్రం తెలివైనదా? నలభై మూడేళ్లుగా వారసురాలిగా మీ పక్కన నిలబడ్డ కూతురు వినేలా అనాల్సిన మాటా ఇది? గొడవయ్యాక, కూతురి వెంట నిలబడనని జనం అనుకోవడం తనను నొప్పించిందని ఆయనే వివరణ ఇచ్చుకున్నారు. నొప్పి కూడా ఆయనదే!

రాజుగారికి నచ్చే పద్ధతి నార్వేలో ఉంది. 1990లో చట్టం మార్చినా అప్పటికే పుట్టినవాళ్లలో మగవాళ్లకే ముందు వరుస. అందుకే 1971లో పుట్టిన అక్కడి యువరాణి మార్తా లూయిసె 1973లో పుట్టిన తమ్ముడు హాకోన్ వెనకే ఉండిపోయింది.

అన్నట్టు, 2019 అక్టోబరులో ఐదుగురు మనవల్ని అధికారిక 'రాయల్ హౌస్' జాబితాలోంచి తీసేసి, పుట్టుకతో వచ్చిన 'రాయల్ హైనెస్' హోదా రద్దుచేసిందెవరు? ఈ రాజుగారే. వాళ్లలో ఇద్దరు కార్ల్ ఫిలిప్ కొడుకులు. దానికి రెండు ఓట్లూ లేవు, మధ్యలో ఎన్నికలూ లేవు. ఆయన నిర్ణయించారు, ప్యాలెస్ ప్రకటించింది.