తాత్కాలిక అనుమతి గారికి, కందుకూరు నుంచి ఒక డిష్ మెకానిక్ రాసుకున్న లెటర్

అయ్యా తాత్కాలిక అనుమతి గారూ,

మీరు నాకు తెలుసు, నేను మీకు తెలియదు, పెద్దోళ్లతో ఎప్పుడూ ఇంతే గదా. అమెరికాలో రేడియో సిగ్నళ్లకి, సాటిలైట్లకి లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ అనే ఆఫీసు వాళ్లు మిమ్మల్ని స్పెషల్ టెంపరరీ అథారిటీ అంటారు, ముద్దుగా ఎస్‌టీఏ. భూమితో సమానంగా తిరుగుతా పైన ఒకే చోట నిలబడ్డట్టు ఉండే కమ్యూనికేషన్ సాటిలైట్‌ని పక్కకి జరపాలంటే, అది ఎన్ని కోట్లదైనా సరే, చాలాసార్లు ముందు మీ దర్శనం చేసుకోవాల. నేనేమో ఒకప్పుడు కేబుల్ వాళ్లకి పెద్ద పెద్ద డిష్‌లు బిగించినోణ్ణి, ఫైబర్ వచ్చాక పని తగ్గి ఖాళీగా ఉండి మీ రూల్స్ అన్నీ చదివా, చదివాక ఊరుకోలేక రాస్తన్నా.

ముందు మా సంగతి చెప్పాల. మా కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు జిల్లా పెట్టి మమ్మల్ని అందులో వేశారు, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరుకి తోశారు, ఆ తర్వాత సంగతి అడగొద్దు. ఇన్నిసార్లు జరిగాం గానీ ఒక్క అడుగు కదల్లా. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట కూడా అదే రోజు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి పోయింది, లాంచ్‌ప్యాడ్ మీద ఒక బోల్టు కూడా వదులు కాలా. కింద ఇంత సులువుగా జరిగిపోతుంటే, మనిషి నీడ కూడా లేని చోట, 35,786 కిలోమీటర్ల ఎత్తులో, ఒక డబ్బా రెండు డిగ్రీలు జరగడానికి ఇంత కాగితమా అని మొదట నవ్వొచ్చింది. అక్కడ ఒక డిగ్రీ అంటే సుమారు 736 కిలోమీటర్లు అని లెక్కేశాక నవ్వు కొంచెం తగ్గింది.

జరపడం అంటే కూడా మనం అనుకునే తోపుడు కాదు. సాటిలైట్‌ని ముందుకి తోస్తే ఎత్తుకి పోయి నెమ్మదవుద్ది, భూమి దాన్ని దాటేసి తిరుగుద్ది, అంటే అది పడమరకి, వెనక్కి పోయినట్టు. వెనక్కి లాగితే కిందకి దిగి వేగం పెరిగి తూర్పుకి ఉరుకుద్ది. ఎత్తు సుమారు 78 కిలోమీటర్లు మారిస్తే రోజుకి ఒక డిగ్రీ నడుస్తది. బయల్దేరడానికి ఒకసారి ఇంజిన్ మండించాల, ఆపడానికి ఇంకోసారి, మధ్యలో ఫ్రీగానే పోద్ది. అసలు ఖర్చంతా ఈ ఫ్రీగా పోయే దారిలో మీ ఆఫీసుకి సమాధానాలు చెప్పుకోవడానికేనేమో అని నా అనుమానం.

మీ షరతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తాత్కాలికంగా నడిచే సాటిలైట్ ఎవరి సిగ్నల్‌కీ అడ్డు రాకూడదు, దానికి ఎవరైనా అడ్డొస్తే మాత్రం నోరెత్తకూడదు. దారిలో ఉన్న ప్రతి ఆపరేటర్‌తోనూ ముందే మాట్లాడుకోవాల, టీవీ సిగ్నల్ వేసే ట్రాన్స్‌పాండర్లు మూసుకోవాల, కింద నుంచి కమాండ్లు వినడానికి, తన ఒంట్లో ఎట్టా ఉందో చెప్పుకోవడానికి మాత్రం నోరు తెరవొచ్చు. ఇంత మర్యాద మా బైపాస్ మీద ఒక్క టిప్పర్‌కి ఉన్నా చాలు.

ఇంకో రూలు చదివి లేచి నిలబడ్డా. 25.120 అని నంబరు. మీరు దొరకాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలంట, ఆలస్యమైతే ప్రజలకి నష్టం జరగాలంట, వ్యాపారం కోసమో, కస్టమర్‌కి ఫలానా తేదీకి సర్వీసు ఇస్తామని ఒప్పుకున్నాం అనో చెప్తే కుదరదంట. అంటే ఇక్కడ ఏమవుద్దంటే, కంపెనీకి పక్క స్లాట్లో, అంటే ఆకాశంలో పక్క సీట్లో, గిరాకీ ఉంది కాబట్టి జరుపుతన్నాం అన్న ఒక్క నిజం తప్ప మిగతావన్నీ అప్లికేషన్‌లో రాయొచ్చు. ప్రజాప్రయోజనం అనే మాట రాయని అప్లికేషన్ ఒక్కటన్నా మీ టేబుల్ మీదకి వచ్చిందా సార్? నేను అడగడమే గానీ మీరు చెప్పరు, మీ గడువు 30 రోజులు, 60 రోజులు, మహా అయితే 180, అది అయ్యేలోపు ఇంకో అప్లికేషన్ వస్తది, మీరు తాత్కాలికంగానే ఉండి శాశ్వతంగా బతికేస్తారు.

అట్టాగని మీరు దండగ అనను. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ 15 అనే సాటిలైట్ కింద నుంచి చెప్పే మాట వినడం మానేసింది. వినడం మానేసినా మాట్లాడటం మానలా, ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే పెట్టుకుని పక్కోళ్ల స్లాట్ల మీదుగా నడుచుకుంటా పోయింది, జాంబీ సాటిలైట్ అని పేరొచ్చింది, డిసెంబర్‌లో గానీ దారికి రాలా. ఎస్‌టీఏ లేకుండా షికారు కొట్టిన రికార్డు దానిదే అనుకుంటా. పైగా భూమి నడుము దగ్గర నిఖార్సైన గుండ్రం కాదు కాబట్టి వదిలేసిన సాటిలైట్ ఊరికే ఉండదు, 75 డిగ్రీల తూర్పు లేదా 105 డిగ్రీల పడమర, ఎక్కువగా ఈ రెండిట్లో ఏదో ఒకదాని చుట్టూ అటూ ఇటూ ఊగుతా ఉంటది. మా కందుకూరు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అంటే మీరు గానీ లేకపోతే ప్రపంచంలో దిక్కులేని సాటిలైట్లలో చాలా మా వైపే తేలతాయి, ఇన్‌శాట్‌లు ఉండే 74 పక్కనే. కాబట్టి దండం పెట్టే రాస్తన్నా.

కానీ అసలు కడుపుమంట వేరే. పల్లె బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు నాది అంటారు చూడండి, పైన స్లాట్ల కథ అచ్చం అదే. దేశం తరఫున జెనీవాలో ఐటీయూకి, అంటే ఈ సీట్ల లెక్క చూసే ఐక్యరాజ్యసమితి సంస్థకి, కాగితం పెడితే కర్చీఫ్ పడ్డట్టు. ఏడేళ్లలోపు నిజం సాటిలైట్ తెచ్చి కూచోబెట్టాల. టోంగా అనే చిన్న దేశం 1980ల చివర్లో 16 సీట్లకి కర్చీఫ్‌లు వేసింది, గొడవలై చివరికి 6తో సర్దుకుని వాటిని అద్దెకి ఇచ్చుకుంది. నాకైతే తప్పనిపించలా, పెద్ద దేశాలు బస్సు డిపోలోనే ఎక్కి కూచున్నాక చిన్నోళ్లు ఇంకేం చేస్తారు. 1976లో భూమధ్యరేఖ మీదున్న కొన్ని దేశాలు కొలంబియాలోని బొగోటాలో కూడి మా నెత్తిన ఉన్నది మాదే అన్నాయి, ఎవరూ ఒప్పుకోలా.

సరే, ఏడేళ్లు దగ్గర పడతాయి, కొత్త సాటిలైట్ తయారు కాలేదు, సీటు పోద్ది. అప్పుడేం చేస్తారు? పాత సాటిలైట్ ఒకదాన్ని నడిపించుకొచ్చి ఆ సీట్లో కూచోబెడతారు. 2012లో రూలు పెట్టారు, వరసగా 90 రోజులు కూచుంటే చాలు, సీటు వాడినట్టే. 90 అయ్యాక లేపి ఇంకో సీట్లోకి పంపొచ్చు. ఖాళీ అయిన సీటుని సస్పెండ్ చేశామని చెప్పి ఇంకో మూడేళ్లు అట్టిపెట్టుకోవచ్చు. ఒకే ముసలి సాటిలైట్ ఇట్టా సీటు సీటుకీ తిరుగుతుంటే జెనీవాలో పెద్దోళ్లకి చిరాకేసి 2015లో ఒక తీర్మానం చేశారు, గత మూడేళ్లలో ఈ సాటిలైట్ ఇంకే సీట్లు కాసిందో చెప్పాలని. చెప్పమన్నారు, అంతే. వద్దనలా.

ఈ నడక మొత్తంలో మీరున్నారు సార్. బయల్దేరేటప్పుడు మీరు, కూచునేటప్పుడు మీరు, లేచేటప్పుడు మీరు. డిగ్రీలో కొంచెం అటూ ఇటూ అయినా పట్టుకుంటారు, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుద్దో పాయింటు తర్వాత అంకెలతో సహా రాయించుకుంటారు. చివరికి ముసలైపోయాక పైకెక్కించి శ్మశానం కక్ష్యలో వదలడానికి కూడా లెక్క అడుగుతారు, అడగడమే కాదు, ఎకోస్టార్ 7 అనే సాటిలైట్‌ని 300 కిలోమీటర్లు పైకి తీసుకుపోతామని చెప్పి ఫ్యూయల్ చాలక 122 దగ్గరే వదిలేసినందుకు 2023లో డిష్ నెట్‌వర్క్ అనే టీవీ కంపెనీకి ఎఫ్‌సీసీ లక్షా యాభై వేల డాలర్ల ఫైన్ వేసింది. ఆ వార్త చదివిన రోజు మా మేస్త్రీకి టీ తాగించా, డిష్ బోల్టు సరిగా బిగించకపోతే ఆయన నన్ను తిట్టిన తిట్లు న్యాయమే అనిపించి.

అంత గట్టోళ్లు మీరు ఒక్కటి మాత్రం అడగరు. నేను టీవీ పెట్టుకునేవాడి వైపు నుంచి చెప్తన్నా, మాకు సాటిలైట్ ఎన్ని డిగ్రీల్లో ఉంది అన్నది తర్వాత, అది మాట్లాడుద్దా లేదా అన్నది ముందు. సాటిలైట్ జరిగితే కింద ఉన్న డిష్‌లన్నీ మళ్లీ తిప్పాల, మా వైపు డిష్ దాదాపు నెత్తి మీదకే చూస్తది కాబట్టి ఎండలో మేడెక్కి మెడ వెనక్కి వాల్చి కొంచెం కొంచెంగా తిప్పి సిగ్నల్ పట్టాల, ఆ పని చేసినోడికి తెలుస్తది. ఇంతా చేసి పట్టుకుంటే అక్కడున్నది సీటు కాయడానికి కూచున్నది అయితే, అందులో ఒక్క చానల్ కూడా రాకపోతే, ఇది ఏ ప్రజలకి ప్రయోజనం?

కాబట్టి మీ ఫారంలో ఒక్క గడి పెంచండి. గత మూడేళ్లలో యాడున్నావు అని జెనీవా వాళ్లు ఎట్టాగూ అడుగుతుండారు. మీరు ఇక ముందు సంగతి అడగండి: అక్కడికి పోయి ఏ చానల్ చూపిస్తావు, ఎవరికి చూపిస్తావు, 91వ రోజున యాడుంటావు. ఈ మూడింటికీ ప్రజాప్రయోజనం అని రాస్తే మాత్రం అప్లికేషన్ వెనక్కి పంపండి.

ఇట్లు,
మీ రూల్స్ చదువుకున్న డిష్ మెకానిక్