సవరణ: కొర్లగుంట గోడ మీది ఖాళీ కుర్చీ బొమ్మ గురించి

మొన్న తిరుపతిలోని కొర్లగుంట సందులో గోడ బొమ్మ ఫోటో పెట్టినా కదా, రావిచెట్టు కింద ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ, దాని ముందర రెండు పాదాలు, అరికాళ్ళలో చక్రం ఉండాల్సిన చోట ఆటో టైరు. ఆ ఫోటో కింద "బుద్ధుడు లేని బుద్ధుడి బొమ్మ" అని ఒక్క లైన్ మాత్రం ఉండేసరికి, బుద్ధుణ్ణి తీసేసి ఎగతాళి చేసినారని కొంతమంది చానా బాధపడినారు. అందుకే ఈ వివరణ.

ఆసనం ఖాళీగా పెట్టడం అవమానం కాదు, మన ఆంధ్రలోనే ఉన్న పాత పద్ధతి. అమరావతి స్తూపం తొలినాళ్ళ శిల్పాల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించలా, ఖాళీ ఆసనం, బోధివృక్షం అంటే రావిచెట్టే, చక్రం గుర్తున్న పాదాలు, ఇవే ఆయన, చుట్టూ ఉండే జనం ఆ ఖాళీ ఆసనానికే చేతులు జోడించి ఉంటారు. మనిషి రూపం తర్వాత వచ్చింది. కావాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకి పోయి చూడండి, తిరుపతి నుంచి అంత దూరమేం కాదు, అమరావతి రాళ్ళు చానా అక్కడే ఉండాయి.

ఇంక టైరు సంగతి, ఇది నా అభిప్రాయమే. దగ్గరికి పోయి చూస్తే టైరు మీది గాట్లు ఒక్కోటి సన్న బ్రష్‌తో గీసినారు, వెక్కిరించాలనుకున్నోళ్ళు అంత ఓపిగ్గా గీయరు. సారనాథ్‌లో బుద్ధుడి తొలి బోధతో కదిలిన ధర్మచక్రాన్ని తెచ్చి మన ఆటోలు తిరిగే వీధిలో దింపినారనే నాకు అనిపిస్తాది.

ఫోటో కింద లైన్ ఇప్పుడు మార్చేసినా. పాతది షేర్ చేసినోళ్ళు దయచేసి దీన్ని కూడా జతచేయండి.