నురుగు పొంగితే బీరు పాడైనట్టు కాదు

ఇంట్లో బీరు కాచుకునే తెలుగువాళ్ల మధ్య ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. నాకు ఇప్పటికి నలుగురు పంపారు. నాలుగో మనిషి మా బావమరిది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పులిసే పాత్రలోంచి నురుగు పొంగి బయటికి వచ్చిందంటే చెడు బ్యాక్టీరియా చేరినట్టు, ఆ బీరు పారబోయాలి. పొంగకుండా ఉండాలంటే మూత గట్టిగా బిగించి పైన బరువు పెట్టాలి. ఈస్ట్ సగమే వేయాలి. రెండు చుక్కల వంటనూనె వేస్తే ఇంకా మంచిది. నురుగు అణగగానే బీరు తయారైనట్టు, సీసాల్లో నింపేయవచ్చు. ఇవన్నీ చెప్పి, చివర్లో పాత్ర కింద ఒక వెడల్పాటి పళ్లెం పెట్టుకోమన్నారు.

ఆ చివరి మాట నిజమే. మిగతా ఐదింటిలో ఒకటి డబ్బు దండగ, రెండు బీరును చెడగొడతాయి, రెండు మనుషులకు గాయాలు చేస్తాయి. అందుకే ఇంత పొడుగున రాయాల్సి వస్తోంది.

నేను ఉండేది డాలస్ దగ్గర. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి వచ్చింది. పెద్దలు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజ్ నేరం కాబట్టి ఈ గొడవ ఎక్కువగా ఇటువైపు స్థిరపడినవాళ్లదే. (మా అమ్మకు మాత్రం నేను ఇక్కడ సారా కాస్తున్నానన్న అనుమానం ఇప్పటికీ పోలేదు.)

మొదటి మాట: పొంగు అంటే బ్యాక్టీరియా. కాదు. మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, కషాయాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి చల్లార్చి, అందులో ఈస్ట్ వేస్తాం. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువు ఎంత ఉంటుందో చాలామంది ఊహించరు. మామూలు చిక్కదనం ఉన్న 19 లీటర్ల కషాయం, అంటే 5 గ్యాలన్లు, పూర్తిగా పులిసేసరికి 350 నుంచి 400 లీటర్ల వాయువు వెలువడుతుంది. అందులో పెద్ద వాటా మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చేస్తుంది. మాల్ట్‌లోని ప్రొటీన్లు, హాప్స్‌లోని జిగురు కలిసి ఆ బుడగలు పగలకుండా పట్టి ఉంచుతాయి. వాటితో పాటు ఈస్ట్ కూడా పైకి తేలుతుంది. జర్మన్లు ఈ నురుగును క్రాయిజెన్ అంటారు, ఉంగరాల జుట్టు అన్న అర్థం ఉన్న మాట నుంచి. మూత తీసి చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది: మీగడ రంగులో రింగులు రింగులుగా లేచి, అక్కడక్కడ హాప్స్ మడ్డి గోధుమరంగు మచ్చలుగా అంటుకుని ఉంటుంది. ఆ మడ్డిని ఒకసారి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. వేపాకు నయం.

పొంగడమే రోగమైతే ఇంగ్లండులో బర్టన్ ఆన్ ట్రెంట్ అనే ఊరికి బీరులో అంత పేరే వచ్చి ఉండేది కాదు. 1838లో పీటర్ వాకర్ పేటెంటు పొందిన బర్టన్ యూనియన్ పద్ధతిలో నురుగు పొంగడం ప్రమాదం కాదు, అసలు ఏర్పాటే అది. వరసగా పేర్చిన పీపాల్లోంచి నురుగు హంస మెడలాంటి గొట్టాల గుండా పైనున్న తొట్టిలోకి పొంగుతుంది. ఈస్ట్ తొట్టిలో నిలిచిపోతుంది, బీరు తిరిగి పీపాల్లోకి జారుతుంది. అక్కడి మార్స్టన్స్ బీరు కర్మాగారంలో 2024 దాకా ఈ పద్ధతి నడిచింది. అలా మిగిలిన ఈస్ట్ ఆ ఊళ్లో ఎంత పోగుపడేదంటే, 1902లో దానితో మార్మైట్ తయారుచేసే కంపెనీనే అక్కడ పెట్టారు. అంత దూరం ఎందుకు, మన ఊళ్లో చెట్టు నుంచి అప్పుడే దింపిన కల్లు లొట్టి మూతి మీద తెల్లగా నురుగు కడుతుంది. దాన్ని చూసి కల్లు పారబోసిన గీత కార్మికుణ్ణి నేను చూడలేదు.

నిజంగా చెడిన బీరు గుర్తులు వేరు. అవి సాధారణంగా మొదటి జోరు తగ్గాక, వారాల తరువాత బయటపడతాయి. పైన పలచటి తెల్లని పొర, పాల మీద మీగడ ఆరి ముడుచుకున్నట్టు కడుతుంది. వాసన వెనిగర్ వైపు పోతుంది. పొంగిన మూడో రోజున పాత్ర నుంచి వచ్చే రొట్టె వాసన, చల్లటి చోట పులిసే లాగర్ బీరు ఈస్ట్ అయితే కాస్త గంధకం వాసన, ఇవేవీ చెడిన గుర్తులు కావు. పొంగి బయటికి పోయిన దాన్ని మాత్రం మళ్లీ లోపల పోయకూడదు. అది గాలికీ నేలకూ తగిలింది కదా. లోపల ఉన్నది నిక్షేపంగా ఉంటుంది. పై నురుగుతో పాటు కొంత చేదు, గ్లాసు రెండు గ్లాసుల బీరు పోతాయి, అంతే నష్టం.

ఇక రెండో మాట, మూత బిగించి బరువు పెట్టమన్నది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. దాదాపు నాలుగు వందల లీటర్ల వాయువు బయటికి పోవాలి. దారి మూసేస్తే అది ఎక్కడికి పోతుంది?

నేను ఈ పాఠం నేర్చుకున్నది తెలివితో కాదు. ఏడేళ్ల కిందట గోధుమ బీరు పెట్టాను. అందులో వాడే జర్మన్ ఈస్ట్ పొంగడంలో అన్నిటికంటే ముందు ఉంటుంది. 23 లీటర్ల గాజు కార్బాయ్, అంటే ఇరుకు మెడ ఉన్న పెద్ద సీసా, మెడ దాకా ఒక జానెడు కూడా ఖాళీ వదలకుండా నింపాను. రబ్బరు బిరడాకు మామూలు ఎయిర్‌లాక్ తగిలించి బట్టల అలమరలో పెట్టి తలుపు వేశాను. ఎయిర్‌లాక్ అంటే వాయువును బయటికి వదిలి గాలిని లోపలికి రానీయని, నీళ్లు పోసిన చిన్న ప్లాస్టిక్ పరికరం. దాని అడుగున ప్లస్ గుర్తులా అడ్డుపట్టీలు ఉంటాయి, వాటి మధ్య సందులు బియ్యపు గింజ దూరడానికి కూడా చాలవు. నురుగు పైకొచ్చి హాప్స్ తునకలతో ఆ సందులను పూడ్చేసింది. రాత్రి రెండు గంటలకు ఢామ్మని మోత. నీళ్ల హీటర్ పేలిందనుకుని మా ఆవిడ పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. బిరడా, ఎయిర్‌లాక్ కలిసి సీలింగుకు కొట్టుకుని రెండు ముక్కలయ్యాయి. నా పెళ్లి సూటు మీద నురుగు. సీలింగు మీద గుండ్రటి గోధుమరంగు మరక, రెండుసార్లు పెయింటు వేశాక కూడా వానాకాలంలో పైకి తేలుతుంది. ఆ రాత్రి బిరడా వదులుగా ఉండబట్టి అది ఎగిరింది. దాని మీద బరువు పెట్టి ఉంటే పగిలేది గాజే.

చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి మూడు నాలుగు రోజులు ఎయిర్‌లాక్ పక్కన పెట్టి లావుపాటి గొట్టం పెట్టాలి. కార్బాయ్ మెడలో బిగుతుగా దిగే అంగుళం వెడల్పు గొట్టం అయితే హాప్స్ తునకలు కూడా ఆగకుండా జారిపోతాయి. రెండో కొస శానిటైజర్ కలిపిన నీళ్ల జాడీలో రెండు మూడు అంగుళాలు మునగాలి. జాడీ పాత్ర కంటే కిందే ఉండాలి, సగానికి మించి నింపకూడదు, లేకపోతే జాడీ పొంగుతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడేవాళ్లు మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లో పై మూత, లోపలి గిన్నె తీసేసి నడిమి కాడకు గొట్టం తొడుగుతారు. హాప్స్ తక్కువ వేసినప్పుడు అది చాలు, ఎక్కువ వేసినప్పుడు ఆ కాడ కూడా పూడుకుపోతుంది. ఇంకో జాగ్రత్త: నురుగు అణిగాక పాత్రను ఫ్రిజ్‌లో పెడితే లోపలి గాలి కుంచించుకుపోయి జాడీలో నీళ్లను వెనక్కి లాగుతుంది. అంతకుముందే గొట్టం తీసి ఎయిర్‌లాక్ పెట్టేయాలి. పాత్రను కిటికీ లేని ఇరుకు గదిలో పెట్టి పక్కన పడుకోవడం కూడా వద్దు. ఆ వాయువు గాలి కంటే బరువు, కిందనే పేరుకుంటుంది.

ఖాళీ వదలడం అన్నిటికంటే చవకైన ఉపాయం. 19 లీటర్ల బీరుకు 25 లీటర్ల బకెట్ వాడితే బకెట్‌లో నాలుగో వంతు కంటే కాస్త తక్కువ ఖాళీ మిగులుతుంది, చాలా రకాలకు అది సరిపోతుంది. గోధుమ బీరుకు, చిక్కని బీర్లకు అప్పుడు కూడా గొట్టం ఉండాల్సిందే.

ఈస్ట్ సగమే వేయమన్న మాటకు ఎక్కువ చోటు అక్కర్లేదు. 19 లీటర్లకు 11.5 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ మొత్తం వేయడం మామూలు లెక్క. సగం వేస్తే పొంగు ఆగదు, ఆలస్యమవుతుంది. ఈస్ట్ ముందు తన సంఖ్య పెంచుకుని, తరువాత ఎలాగూ పొంగుతుంది. ఆ ఆలస్యంలో తియ్యటి కషాయం ఖాళీగా కూర్చుంటుంది. ఏ బ్యాక్టీరియాకు భయపడి ఈ సలహా ఇచ్చారో, దానికే విస్తరి వేసి కూర్చోబెట్టినట్టు. పొంగును నిజంగా తగ్గించేది వేడి మీద అదుపు. ఏల్ రకాలను, అంటే కాస్త వెచ్చగా పులిసే బీర్లను, 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచాలి. పులిసేటప్పుడు కషాయంలోనే వేడి పుడుతుంది కాబట్టి గది 24 డిగ్రీలుంటే లోపల 27 ఉండవచ్చు. మా టెక్సాస్ ఎండల్లో నేను పాత్రను నీళ్ల తొట్టిలో నిలబెట్టి తడి తువ్వాలు చుడతాను, వేసవిలో మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి గడ్డకట్టిన నీళ్ల సీసాలు తొట్టిలో వేస్తాను. పొంగు సగానికి సగం తగ్గుతుంది, రుచి కూడా బాగుంటుంది.

నూనె మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. పప్పు పొంగకుండా కుక్కర్‌లో నూనె చుక్క వేసే అలవాటు మన వంటిళ్లలో ఉంది, అది పనిచేస్తుంది కూడా. కానీ పప్పుకు గ్లాసులో నురుగు అక్కర్లేదు. బీరుకు కావాలి. వంటనూనె చివరిదాకా ఉండి గ్లాసులో పోసిన బీరు మీద నురుగు నిలవనీయదు, పాతబడితే పాడైన నూనె వాసన వేస్తుంది. నురుగు విరిచే చుక్కలు బీరు సామాన్ల దుకాణాల్లోనే దొరుకుతాయి. అవి సిలికోన్ జాతివి, పసిపిల్లలకు కడుపుబ్బరానికి వేసే సిమెథికోన్‌కు దాయాదులు. అవి అడుగున ఈస్ట్‌తో పాటు పేరుకుపోతాయి, అందుకే తేటబడిన బీరు నురుగును పాడుచేయవు. సీసా మీద రాసిన కొలత దాటకూడదు. నేనైతే గొట్టం ఉండగా ఇవి కొనను.

నురుగు అణగగానే సీసాలు నింపమన్న మాట చదవడానికి అమాయకంగా ఉంటుంది. ఐదింటిలో ఎక్కువ భయపడాల్సింది దానికే. నురుగు నాలుగో రోజునో ఆరో రోజునో కూలిపోతుంది, ఈస్ట్ పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంటుంది. మిగిలిన చక్కెరతో సీసాలో మూత వేస్తే, ఆ పని సీసాలోపల పూర్తవుతుంది. వాయువు ఒత్తిడికి గాజు సీసా పగిలినప్పుడు ముక్కలు తలుపు చెక్కలో గుచ్చుకుంటాయి. కంటితో, నురుగుతో, క్యాలెండరుతో తేలే లెక్క కాదిది. చక్కెర ఎంత మిగిలిందో ద్రవం సాంద్రతతో చెప్పే హైడ్రోమీటర్ కావాలి. 1.050 దగ్గర మొదలైన బీరు 1.010 చుట్టుపక్కలకు దిగి, రెండు మూడు రోజుల ఎడంతో చూసినా అదే అంకె చూపిస్తే అప్పుడు సీసాలు కడగడం మొదలుపెట్టవచ్చు.

పళ్లెం సంగతి. మా ఇంట్లో ఆ చోట మా అమ్మాయి చిన్నప్పటి స్నానపు టబ్బు ఉంటుంది, తడి తువ్వాలు నీళ్లూ అందులోకే.

ఆ సందేశం పంపిన మా బావమరిదికి పోయిన వారం గోధుమ బీరు పొంగింది. పారబోద్దామని సింకు దాకా మోయబోయాడట. నిండు బకెట్ ఇరవై కిలోల పైమాటే, నడుము పట్టేసి మధ్యలో దించి నాకు ఫోన్ చేశాడు. పూడుకుపోయిన ఎయిర్‌లాక్ తీయించి, మూత చుట్టూ శానిటైజర్‌తో తుడిపించి, గొట్టం పెట్టించాను. ఐదు నిమిషాల్లో జాడీ గుడగుడలాడింది. శనివారం హైడ్రోమీటర్ 1.012 చూపించిందని ఫొటో పంపాడు. మంగళవారం మళ్లీ చూడమన్నాను.