సెలవుల్లో మునక

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం క్రిస్మస్ కలయికలో హాల్లో వేసిన బాప్తిస్మం వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. బాప్తిస్మమంటే నమ్మినవాణ్ణి నీళ్లలో ముంచి లేపి సంఘంలో చేర్చుకోవడం. సెలవులకు ఇండియా వెళ్లిన మన పిల్లవాడొకడికి అక్కడే ఇప్పించారు. హనుమకొండ దగ్గరి చెరువు, డ్రోన్ షాట్లు, వెనక సంగీతం. నీళ్లలో ఆ పిల్లవాడు కాలు జారి పక్కకు ఒరగగానే హాలంతా గొల్లున నవ్వింది. రెండున్నర నిమిషాల వీడియోలో అతని సాక్ష్యం, అంటే తాను ఎలా నమ్మాడో అందరి ముందు చెప్పే మాట, లేదు. గట్టు మీద సంఘం లేదు. చుట్టాలు, కెమెరా అతను, ఎవరో పిలుచుకొచ్చిన పాస్టరు. "ఇండియా ట్రిప్పులో ఈ పని కూడా అయిపోయింది, మంచిగైంది" అని పక్క టేబుల్ నుంచి ఒకాయన అన్నాడు. నవ్వుకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

జారడం పిల్లవాడి తప్పు కాదు. నీళ్లు నడుముకు కాస్త పైకి ఉండాలి. మోకాలి లోతైతే మనిషిని కూర్చోబెట్టాల్సి వస్తుంది, ఛాతీ దాటితే కాళ్లు తేలిపోతాయి. పాస్టరు పక్కన నిలబడి ఒక అరచెయ్యి మెడ కింద వీపుకు ఆనించి, రెండో చేత్తో ఛాతీ మీద జోడించిన చేతులను పట్టుకుంటారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మోకాళ్లు వదులు చేయమని ముందే చెప్పాలి. భయంతో బిగుసుకుంటే పాదాలు లేచి బరువంతా ఒక్కసారిగా పాస్టరు చేతి మీద పడుతుంది. మట్టి తవ్వుకుపోయిన చెరువుల్లో గుంతలుంటాయి, అడుగున రేగడి బురద. పొద్దున్నే ఒకరు దిగి కర్రతో అడుగు చూసి, గట్టిగా ఉన్న నాలుగు గజాల జాగాకు గుర్తు పెట్టాలి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ మాత్రం వద్దే వద్దు. సిమెంటు వాలు మీద నాచు పడితే దిగినవాళ్లు పైకి ఎక్కలేరు.

చీరలోకి గాలి చేరి బుడగలా లేస్తుంది, కుచ్చిళ్లకు పిన్నులు పెట్టాలి. తెల్లబట్ట తడిస్తే ఒంటికి అంటుకుంటుంది కాబట్టి లోపల ముదురు రంగు వేసుకోవాలి. ఒడ్డున దుప్పటి పట్టుకుని ఇద్దరు అక్కలు నిలబడాలి. చర్చిలో తొట్టి ఉంటే, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టిలో మూడున్నర అడుగుల నీళ్లంటే సుమారు 2,400 లీటర్లు, అంటే దాదాపు సగం ట్యాంకరు. శనివారమే నింపుకోవాలి. వైరున్న మైకు తొట్టి దరిదాపుల్లోకి రావద్దు. 2005లో టెక్సాస్‌లోని వేకోలో నీళ్లలో నిలబడి మైకు సర్దుకోబోయిన పాస్టరు కరెంటు షాక్‌తో చనిపోయారు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, సంఘం ఉన్నచోట వీటిని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. దుప్పటి ఎవరు పట్టుకోవాలో ఆ అక్కలకే తెలుసు.

వెనక్కి పడుకోబెట్టి ముంచడంలో అర్థం సమాధి. క్రీస్తుతో పాతిపెట్టబడి ఆయనతోనే లేచామని రోమా పత్రిక ఆరో అధ్యాయం చెప్తుంది. మరి శవం తనంతట తాను గుంతలోకి దిగుతుందా? నలుగురు మోయాలి. లేచినవాణ్ణి ఆ నలుగురే చేర్చుకోవాలి. పెంతెకొస్తు నాడు బాప్తిస్మం పొందిన మూడువేల మంది ఆ వెంటనే బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో కొనసాగారని అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో ఉంది. (పసిపిల్లలకు కూడా ఇచ్చే సీఎస్ఐ, కథోలిక సంఘాలు వేరే లెక్కన ఆలోచిస్తాయి. ఆ తగవు ఇక్కడ పెట్టుకోను.)

ఊళ్లో ఈ మునకకు ఖరీదుంది. ఎస్సీ ఇంట్లో పుట్టినవాళ్లు క్రైస్తవులైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సి కింద లెక్క. బోనాల నాడు వాడకట్టు మొహం తిప్పుకుంటుంది. ఇంత తెలిసీ నీళ్లలోకి దిగే మనిషి పక్కన, తిరుగు టికెట్ జేబులో పెట్టుకుని మన పిల్లలు దిగుతున్నారు.

1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నెలల తరబడి బాప్తిస్మాలే ఆపేశారు. గింజల కోసం మునిగారన్న మాట రావద్దని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. బాప్తిస్మమిచ్చేవాళ్లు ఆరుగురైనా, ఒక విడతకు ఇద్దరే నీళ్లలో నిలబడ్డారు. ఆ మిషనే తర్వాత హనుమకొండకూ వచ్చింది. మనకేమో మూడు వారాల సెలవులో నగల షాపింగుకూ రిసెప్షనుకూ నడుమ ఒక పొద్దు చాలు.

అపొస్తలుల కార్యాల్లో, ప్రయాణంలో ఉన్న ఐతియొపీయుడికి ఫిలిప్పు దారి పక్కనే బాప్తిస్మం ఇవ్వలేదా అంటారు. ఇచ్చాడు. కానీ అతను వెళ్లే దారిలో చేర్చుకునే సంఘం లేదు. మన పిల్లలకు ఇక్కడ ఉంది, ఆదివారం ఆదివారం పక్కన కూర్చునేవాళ్లున్నారు. అమ్మమ్మ కళ్లారా చూడాలన్న కోరిక కూడా చిన్నది కాదు. ఆమె ప్రార్థన లేకుంటే ఆ పిల్లవాడు నీళ్ల దాకా వచ్చేవాడే కాదేమో.

అందుకే అడుగుతున్నా. బాప్తిస్మం ఇక్కడే, మన సంఘం ముందరే పెట్టండి. అక్కడే కావాలనుకుంటే సెలవు పొడిగించి, అక్కడి సంఘంతో నాలుగు ఆదివారాలైనా కూర్చోనివ్వండి. వచ్చేటప్పుడు అక్కడి పాస్టరు దగ్గర ఉత్తరం తెచ్చి ఇక్కడి సంఘానికి ఇవ్వండి. సాక్ష్యం మాత్రం కత్తిరించకండి.

అమ్మమ్మ సంగతంటారా, ఫోన్లో లైవ్ చూస్తుంది. ఇక్కడ తూర్పు తీరంలో వేసవి ఆదివారం పొద్దున 10 గంటలంటే హనుమకొండలో రాత్రి 7:30. అప్పటికి ఆమె ఇంకా అన్నం కూడా తిని ఉండదు.