నడిచే కిట్టు ముందు కూర్చోబెట్టి మాకు ఏమి నేర్పారు?

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనకగదిలో, జొన్నల డబ్బాల పక్కన బల్ల వేసుకుని నేను కట్టుకున్న కంప్యూటర్ పంతొమ్మిది రోజులు లేవలేదు. ఇరవయ్యో రోజు లేచింది. సంతోషమే. కానీ ఎందుకు లేవలేదో తెలిశాక వచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు. ఆ కోపమంతా ఇరవై ఏళ్ల కిందట కాలేజీలో, మైక్రోప్రాసెసర్ నేర్పే కిట్టు ముందు కూర్చుని నేను రాసిన రికార్డు పుస్తకం మీద.

ముందు యంత్రం సంగతి. ప్రాసెసర్ జడ్80, 1976 నాటిది. విడి చిప్పుకు ఆర్డర్లు తీసుకోవడం 2024 జూన్ 14తో ఆపేస్తామని జైలాగ్ సంస్థ ప్రకటించిన రోజే, ఇది దొరకకుండా పోయేలోపు ఒకటి కట్టి తీరాలనుకున్నాను. 4 మెగాహెర్ట్జ్ గడియారం, కరెంటు పోయినా రాసింది చెరగని రోమ్ 32 కిలోబైట్లు, కరెంటు పోతే అంతా మరిచిపోయే రామ్ 64 కిలోబైట్లు, డిస్కుకు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. రీసెట్ కాగానే జడ్80 మెమరీలో సున్నా చిరునామా నుంచి చదవడం మొదలుపెడుతుంది కాబట్టి అక్కడ రోమ్ ఉండాలి. నేను ఎక్కించాలనుకున్న సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కేమో అదే సున్నా దగ్గర రామ్ కావాలి. ఒకే కుర్చీకి ఇద్దరు. అందుకని యంత్రాన్ని లేపే నా తొలి ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, తనను తాను పై సగంలోని రామ్‌లోకి నకలు చేసుకుని, అక్కడికి దూకి, రోమ్‌ను ఆపేసి, ఆ తర్వాత కార్డు చదవాలి. కాగితం మీద ఇంత చక్కని పథకం నేనెప్పుడూ వేయలేదు.

మొదటి వారమంతా తీగలతోనే సరిపోయింది. బోర్డు దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే కదలిక, చెయ్యి తీస్తే నిశ్శబ్దం. దయ్యం పట్టిందేమో అనుకున్నాను గానీ, ప్రాసెసర్‌ను కాసేపు పక్కకు తప్పుకోమని అడిగే బస్‌రిక్వెస్ట్ అనే పిన్నును ఎక్కడా కలపకుండా గాలికి వదిలేశాను. 10 కిలోఓమ్‌ల రెసిస్టరుతో దాన్ని 5 వోల్టులకు కట్టేస్తే ఆ దయ్యం వదిలింది. మీటరు పెట్టి చూస్తే బ్రెడ్‌బోర్డు చివరి చిప్పు దగ్గర 4.6 వోల్టులే ఉన్నాయి. సన్నని ఛార్జరు తీగ మింగేసింది. లావు తీగ వేశాను. తర్వాత రోమ్ పీకేసి, ఎనిమిది డేటా తీగలనూ రెసిస్టర్లతో నేలకు కట్టాను. అప్పుడు ప్రాసెసర్‌కు ఎటు చూసినా సున్నాలే. సున్నా అంటే దాని భాషలో ఏమీ చేయకుండా ముందుకు నడువు అని. ఒక్కో అడుగుకు నాలుగు గడియారపు దెబ్బలు, మొత్తం 65,536 అడుగులు. చిట్టచివరి చిరునామా తీగకు కట్టిన ఎల్ఈడీ సెకనుకు పదిహేనుసార్లు మిణుకుమంటే ప్రాసెసర్ బతికి ఉన్నట్టే. మిణుకుమంది. రోమ్ తిరిగి పెట్టాను. మళ్లీ చీకటి.

దారి చూపింది జడ్చర్లలో బోరు మోటార్లు బాగుచేసే మా చిన్నాన్న. ఆయన కంప్యూటర్ ముట్టుకున్న మనిషి కాదు. జొన్న రొట్టె తింటూ నా గోడు విని, "స్టార్టరు పని చేయకపోతే నేను టెస్టు లాంపు పట్టుకుని మీటరు దగ్గర నుంచి మొదలుపెడతాను బిడ్డా. కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ పోతాను. నువ్వేమో మోటారు దగ్గరే కూర్చున్నావు" అన్నారు. మర్నాడే ఇచ్చిన అంకెను పట్టి ఉంచే ఒక లాచ్ చిప్పుకు ఎనిమిది ఎల్ఈడీలు తగిలించి, బూట్‌లోడర్ ఒక్కో పని ముగించగానే అంకె వెలిగించేలా రాశాను. లేవగానే 1, నకలు పూర్తయితే 2, రామ్‌లోకి దూకితే 3, రోమ్ ఆపితే 4. చక్కగా వచ్చి 4 దగ్గర ఆగింది. ఒక్కోసారి 4 వెలిగిన క్షణానికే దీపాలన్నీ వెలిగి వెక్కిరించేవి.

తర్వాతి పని కార్డు చదవడం. కాబట్టి తప్పు కార్డుదేనని తీర్మానించాను. బస్సెక్కి వంద కిలోమీటర్లు వెళ్లి, కోఠి గుజరాతీ గల్లీలో ఎండలో తిరిగి ఇంకో కార్డు తెచ్చాను. అదీ 4 దగ్గరే. ఆ రాత్రి విసుగుతో రోమ్ ఆపే ఒక్క ఆదేశాన్ని తీసేశాను. కార్డు చదివేసింది! పాత కార్డు కూడా.

అప్పుడు గానీ నేను, నా ప్రోగ్రాంను యంత్రపు కోడ్లుగా మార్చే అసెంబ్లర్ ఇచ్చిన లిస్టింగు తీసి చూడలేదు. కార్డు చదివే ప్రోగ్రాం ముక్కను (సబ్‌రొటీన్‌ను) పిలిచే చోట మూడు బైట్లున్నాయి: సీడీ 34 01. చిరునామాను తిరగేసి రాయడం జడ్80 పద్ధతి కాబట్టి, అంటే 0134కు వెళ్లు. నకలు ఉన్నదేమో 8134 దగ్గర. ఇల్లు మారి కూడా పాత చిరునామాకే ఉత్తరం రాసుకున్నాను. రోమ్ ఉన్నంతకాలం ఆ పాత ఇంట్లో ఎవరో ఒకరు తలుపు తీసేవారు. రోమ్ ఆపితే అక్కడ మిగిలింది రామ్‌లోని చెత్త. ఆ చెత్త స్విచ్చి వేసిన ప్రతిసారీ ఒక్కోలా ఉంటుంది కాబట్టే నేను తీగ వదులైందని భ్రమపడ్డాను. నకలు భాగాన్ని 8000 నుంచి నడిచేదిగా లెక్కగట్టమని అసెంబ్లర్‌కు చెబుతూ ఒక్క వాక్యం రాస్తే చాలు. రాశాను. లేచింది.

ఇప్పుడు నా కోపం సంగతి. ఈ తప్పు నాకు ఎందుకు తట్టలేదు? కాలేజీలో రెండు సెమిస్టర్లు 8085 ప్రాసెసర్ కిట్టు ముందు కూర్చున్నవాణ్ణి. కిట్టులో, మనం కొట్టే కోడ్లను అందుకుని నడిపే మానిటర్ ప్రోగ్రాం ముందే ఉంటుంది. స్విచ్చి వేస్తే సిద్ధంగా పలకరిస్తుంది. నల్లబల్ల మీద రాసిన 3ఈ, 06, 80, 76 లాంటి కోడ్లను చెప్పిన చిరునామాలో కొట్టాలి, అక్కడి నుంచే నడపాలి, జవాబు రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకోవాలి. తమాషా ఏమిటంటే ఆ నాలుగు కోడ్లకూ జడ్80లోనూ అదే అర్థం, రెండూ 8080 అనే పాత ప్రాసెసర్ సంతానమే. నాకు సగం భాష ముందే వచ్చు. కానీ కొట్టిన చోటే నడిచే ప్రోగ్రాం తప్ప, ఒక చోట పుట్టి ఇంకో చోట నడిచే ప్రోగ్రాం ఒక్కటీ చూడలేదు. మానిటర్ కంటే ముందు ఏమి జరుగుతుందని అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారు. కిట్టు ఆగిపోతే మమ్మల్ని పక్క బల్లకు పంపి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ గది మొత్తంలో పాఠం చెప్పగలిగినది ఆ బీరువాలోని కిట్టు ఒక్కటే!

మేష్టార్లను తిట్టడం లేదు. కిట్టు కాలితే జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. కానీ ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క ప్రశ్నైనా మార్చండి. ఒక తీగ పీకేసిన కిట్టు ఇవ్వండి. నడిపించినవాడికే కాదు, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పగలిగినవాడికీ మార్కులు వేయండి. కిట్టు పాడవుతుందని భయమైతే నా బోర్డు పట్టుకెళ్లండి. 4 దగ్గర ఆగే పాత రోమ్‌ను చెరపకుండా అగ్గిపెట్టెలో దాచే ఉంచాను.